హెడ్డు పక్కన చిన్న స్క్రూ

క్యాసెట్టులో ఉన్న తియ్యదనం సీడీలో లేదంటాడు ఒకడు. ఎల్పీ రికార్డు ముందు ఇంకేదీ నిలవదంటాడు ఇంకొకడు. ఇప్పుడు ఫోన్లో వచ్చేంత శుభ్రమైన పాట మన జన్మలో ఎప్పుడు విన్నాం, మిగతాదంతా పాత మోజు అంటాడు మూడోవాడు. సంక్రాంతికి భీమవరంలో పాత స్నేహితులం కలిస్తే, కోడిపందేల కబుర్లు అయ్యీ అవగానే మొదలయ్యేది ఈ వాదనే. వీళ్లలో ఒకడు ముప్ఫయ్యేళ్లకు పైగా మైకుసెట్టు నడిపినవాడు. ఒకడు చెవి, ముక్కు, గొంతు డాక్టరు. ఒకడు న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ స్పీకర్ల మీద లక్షలు పోసినవాడు. నేను రికార్డింగ్ సెంటర్ పెట్టి, జనానికి క్యాసెట్లు నింపిచ్చి, టేప్‌రికార్డర్లు బాగుచేసి బతికినవాణ్ణి.

ఈ వాదనలో నా పక్షం ఎప్పుడూ ఒకటే. ఫార్మాటు పేరు చూసి సౌండు మంచిచెడ్డలు చెప్పలేం. పాట మన దాకా వచ్చేలోపు స్టూడియో మైకు, మాస్టర్ టేపు, దాని కాపీ, ఆడించే మిషను, ఆంప్లిఫయరు, స్పీకరు, గది, ఆఖరికి మన చెవి, ఇన్ని దాటాలి. జనం పోట్లాడుకునేది మధ్యలో ఉన్న కాపీ గురించి. పాటను నిలబెట్టినా పాడుచేసినా చాలావరకు ఆ తర్వాత ఉన్నవే చేస్తాయి. రిపేరు బల్ల దగ్గర కూర్చుని, రోజూ విప్పి చూసి తెలుసుకున్న మాట ఇది.

మా తరం గోదావరి జిల్లాల పిల్లలు పాటను మొదట విన్నది కొబ్బరిచెట్టుకు కట్టిన మైకు హారన్లో. ధనుర్మాసం తెల్లవారుజామున గుళ్లోంచి ఎమ్మెస్ సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం వచ్చేది. హెచ్ఎంవీ వాళ్లు 1963లో ఎల్పీగా తెచ్చిన రికార్డు అది. ఊళ్లో ఎవరైనా పోతే ఘంటసాల భగవద్గీత. ఆయన 1974 ఫిబ్రవరిలో కన్నుమూశారు, రికార్డు ఆ తర్వాతే జనంలోకి వచ్చింది. పెళ్లి పందిట్లో అయితే పాటల మధ్యలో ‘దానవీరశూరకర్ణ’ డైలాగులు ఉండాల్సిందే.

ఆ హారన్లో అడుగు స్వరాలు ఉండవు, పై మెరుపూ ఉండదు. అది బాగా పలికేది దాదాపు 400 హెర్ట్జ్ నుంచి 5,000 హెర్ట్జ్ దాకా. మృదంగం గుంభనం అందులోకి రాదు, తాళాల మిలమిలా రాదు. అయినా రెండు మైళ్ల అవతల వరిచేలో నాట్లు వేస్తున్న మనిషికి సుప్రభాతంలో ప్రతి అక్షరమూ తెలిసేది. మాటలోని స్పష్టత అంతా సుమారు 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్యలో ఉండటమే అందుకు కారణం. పైగా మన చెవి రంధ్రం ఒక సన్నటి గొట్టంలా ఉండి, 3,000 హెర్ట్జ్ ప్రాంతపు శబ్దాన్ని తనంతట తానే పెంచుతుంది. హారన్ సరిగ్గా అక్కడే గట్టిగా మోగుతుంది. హైఫై లెక్కల్లో అది అన్నిటికంటే నాసి. కానీ పదాలూ, పద్యాలూ, రాగం తీరూ మేం నేర్చుకున్నది దాంట్లోనే.

ఆ తర్వాత మా ఇళ్లలోకి వచ్చింది క్యాసెట్టు. మా వైపు అది గల్ఫ్ దారిన వచ్చింది. కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లినవాళ్లు సెలవుకు వచ్చేటప్పుడు నేషనల్ పానసోనిక్ టూ ఇన్ వన్ భుజాన వేసుకుని దిగేవారు. దానికి కుట్టుపని చేసిన గుడ్డ కవరు కుట్టించి, ముందు గదిలో టీపాయి మీద పెట్టేవారు.

ఈ క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటపెట్టింది. లూ ఒట్టెన్స్ అనే ఇంజనీరు బృందం చేసిన పని. కోటు జేబులో పట్టాలన్న కొలతతో పుట్టింది కాబట్టి అంత చిన్నదైంది. వాళ్లు మొదట ఉద్దేశించింది మాటలు రికార్డు చేసుకోవడానికి, సంగీతానికి కాదు. టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. అందులోనే రెండు వైపులవీ కలిపి నాలుగు ట్రాకులు పట్టాలి, అంటే ఒక్కో ట్రాకు 0.6 మిల్లీమీటరు. టేపు నడిచే వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లే. సి-60లో ఒక వైపు 30 నిమిషాలు ఆడాలంటే దాదాపు 86 మీటర్ల టేపు చాలు. ఇంత ఇరుకులో ఇళయరాజా బేస్ గిటారు, జానకమ్మ గొంతు, నలభై వయొలిన్లు ఇమిడిపోయాయంటే, క్యాసెట్టును తక్కువచేసి మాట్లాడటానికి నాకిప్పటికీ నోరు రాదు.

మా సెంటర్ బస్టాండు పక్క సందులో ఉండేది. ఎనభైల్లో రికార్డింగ్ సెంటర్ లేని ఊరు మా చుట్టుపక్కల లేదు. కుర్రాళ్లు నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద పాటల లిస్టు రాసుకొచ్చేవారు. పక్కకి ఆరు చొప్పున పన్నెండు పాటలు, సినిమా పేరుతో సహా. కొంతమంది లిస్టు చూస్తే ఆ క్యాసెట్టు ఎవరి చేతికి వెళ్తుందో కూడా తెలిసిపోయేది. మేం ఎల్పీ తీసి, గుడ్డతో దుమ్ము తుడిచి, డెక్కులో ఖాళీ క్యాసెట్టు పెట్టి నింపేవాళ్లం. టీడీకే, సోనీ, మెల్ట్రాక్, ఎవరి స్తోమతును బట్టి వాళ్లకి. చట్టం లెక్కన అది తప్పే. కాపీరైట్ చట్టానికి 1984లో సవరణ తెచ్చి శిక్షలు పెంచింది ఇలాంటి కాపీలు ఊరూరా పెరిగిపోయినందుకే. కానీ మా చుట్టుపక్కల పల్లెల్లో ఎల్పీ కొని, దాన్ని ఆడించే ప్లేయరు కూడా కొనగల ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లకు తమకు నచ్చిన పాట తమ చేతికి వచ్చింది ఆ సందుల్లోని షాపుల్లోంచే.

“అన్నా, లెవెల్ పెంచి కొట్టు, సౌండు దుమ్ము లేవాలి” అనేది ప్రతి కుర్రాడి కోరిక. డెక్కు మీద ఎర్ర లైట్లు వెలుగుతుంటే వాళ్ల మొహాలు వెలిగేవి. ఇక్కడ టేపుకు ఒక మంచి గుణం ఉంది. దాని మీద పూసిన ఐరన్ ఆక్సైడు పొడి కొంతమేరకే అయస్కాంతాన్ని పట్టుకుంటుంది. అంతకు మించి పంపితే ఒక్కసారిగా విరిగిపోదు, శబ్దం కొసలను మెల్లగా గుండ్రంగా అణచేస్తుంది. డప్పు దెబ్బ కాస్త మెత్తబడుతుంది, గొంతు కాస్త ముందుకొస్తుంది. క్యాసెట్టు తియ్యగా ఉంటుందని మా మైకుసెట్టు మిత్రుడు వాదించేది దీని గురించే. అతను వినేది నిజమే. కానీ అది పాటలో ఉన్న తీపి కాదు, టేపు కలిపిన తీపి. ఇష్టపడటంలో తప్పేం లేదు, అసలు పాటంటే అదే అనకూడదంతే.

ఇక ఆ షాపులో నేను నేర్చుకున్న అసలు విద్య స్క్రూ తిప్పడం.

టేప్‌రికార్డర్ తలుపు పైనున్న ప్లాస్టిక్ మూత లాగేస్తే లోపల హెడ్డు కనిపిస్తుంది. వేలి గోరంత లోహపు దిమ్మ, ముందువైపు అద్దంలా నున్నగా ఉంటుంది. దానికి రెండు పక్కలా రెండు స్క్రూలు. ఒకటి గట్టిగా బిగించి ఉంటుంది. రెండోదాని కింద చిన్న స్ప్రింగు ఉంటుంది, కదలకుండా దాని నెత్తి మీద ఫ్యాక్టరీలోనే చుక్క రంగు వేస్తారు. ఈ రెండో స్క్రూ తిప్పితే హెడ్డు ఒక పక్కకి వెంట్రుకవాసి లేస్తుంది లేదా దిగుతుంది. హెడ్డులో నిలువుగా ఒక సన్నటి చీలిక ఉంటుంది. అది టేపు నడిచే దారికి సరిగ్గా తొంభై డిగ్రీల్లో నిలబడాలి. దీన్నే మేం అజిముత్ కట్టడం అనేవాళ్లం.

అంత పట్టింపు ఎందుకంటే లెక్క చూడండి. 10,000 హెర్ట్జ్ శబ్దం, అంటే తాళాల గలగలా, స, ష లాంటి అక్షరాల బుస ఉండే చోటు. సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో వెళ్లే టేపు మీద ఆ శబ్దపు ఒక్కో అలకు దక్కే చోటు 4.8 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం అంతకు పది రెట్ల పైనే. చీలిక ఏమాత్రం వాలినా దాని పై కొస ఒక అల మీదా, కింది కొస ఇంకో అల మీదా పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అడుగు స్వరాలన్నీ మామూలుగానే ఉంటాయి, సన్నటివి మాత్రం మాయమైపోతాయి.

క్యాసెట్టు నడుస్తుండగానే, స్టీరియో మిషను అయితే మోనోలో పెట్టి, సన్న స్క్రూడ్రైవరుతో ఆ స్క్రూను పావు చుట్టులో పావు వంతు తిప్పాలి. మోనోలో ఎందుకంటే, కుడి ఎడమలు కలిసినప్పుడు వాలు తప్పు రెండింతలు బయటపడుతుంది. తిప్పుతుంటే ఒక చోట పాట మీద కప్పిన దుప్పటి లాగేసినట్టు అవుతుంది. గాయని ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది, గజ్జెలు విడివిడిగా రాలతాయి. ఇంకొంచెం తిప్పితే మళ్లీ మూసుకుపోతుంది. వెనక్కి వచ్చి, ఆ ఒక్క చోట ఆపి, గోళ్ల రంగు చుక్క వేస్తే పని అయిపోయినట్టే. అప్పటిదాకా “ఈ క్యాసెట్టు ఏం బాలేదండీ” అన్న మనిషే, అదే క్యాసెట్టు, అదే మిషను, “కొత్తది వేశారా?” అని అడిగేవాడు.

ఇందులో ఇంకో చిక్కు ఉండేది. నింపిచ్చిన సెంటర్లో డెక్కు హెడ్డు ఒక వాలులో, ఇంట్లో మిషను ఇంకో వాలులో ఉంటే, షాపులో గణగణలాడిన క్యాసెట్టు ఇంటికెళ్లాక మూగబోయేది. తప్పు క్యాసెట్టుది కాదు, ఇంటి మిషనుదీ కాదు, రెండిటికీ కుదరకపోవడం. ఫార్మాటు మీద పడిన నిందల్లో సగం ఇలాంటివే. మిగతా సగంలో హెడ్డు మీద పేరుకున్న గోధుమరంగు మడ్డి ఒకటి, స్పిరిట్టు దూదితో తుడిస్తే పోయేది. అరిగిన రబ్బరు రోలరు ఇంకోటి. సి-90 టేపు పల్చగా, దాదాపు 12 మైక్రాన్లే ఉండటంతో చుట్టలో పక్క పొర మీది పాట దీని మీదికి అచ్చు దిగడం మరొకటి. పాట మొదలయ్యే ముందు నిశ్శబ్దంలో అదే పాట పీలగా, ముందస్తుగా వినిపించేది గుర్తుందా? అది అదే.

ఎల్పీ గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే దాని భక్తులు ఇప్పటికే చాలా రాశారు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఆ రికార్డు మీద బయటి అంచున సూది కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు పరిగెడుతుంది. లోపలికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అందుకే ఒక వైపు మొదటి పాటకున్న విచ్చుకోవడం చివరి పాటకు ఉండదు. ఒకే రికార్డులో రెండు రకాల నాణ్యత ఉందన్నమాట. న్యూజెర్సీ మిత్రుడికి ఇది చెప్తే నచ్చదు గానీ, వాళ్లింట్లో చివరి పాట విని తనే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు వయసులో చేసిన విపరీతాల దగ్గరికి వద్దాం. అది చెప్పకుండా మా తరం సౌండు కథ పూర్తికాదు.

మొదటి అడుగు కుండ. పాత రేడియోలోంచి ఊడదీసిన స్పీకరును మట్టికుండ మూతి మీద పెట్టి వైర్లు కలిపేవాళ్లు. గీరుగా వచ్చే పాట ఒక్కసారి గుండెల్లో మోగేది. పల్లెటూరి పిల్లలు ఎవరూ చెప్పకుండా కనిపెట్టిన ఈ పనిలో శుద్ధమైన శాస్త్రం ఉంది. స్పీకరు కాగితం ముందుకు కదిలినప్పుడు ముందువైపు గాలి నొక్కుకుంటుంది, వెనకవైపు గాలి పల్చబడుతుంది. రెండూ అంచు చుట్టూ తిరిగొచ్చి కలిస్తే ఒకదాన్నొకటి చంపేస్తాయి, ముఖ్యంగా బేసు శబ్దాలను. వెనక గాలిని కుండలో బంధిస్తే ముందున్నది బతుకుతుంది. ఖరీదైన స్పీకరు బాక్సు చేసేదీ అదే పని.

కుండ తర్వాత వడ్రంగి చేత ప్లైవుడ్ బాక్సులు. తర్వాత హైదరాబాద్ వెళ్లి కోఠీ గుజరాతీ గల్లీలో టూఎన్ 3055 ట్రాన్సిస్టర్లు, ఎస్టీకే ఐసీలు, ఇంత లావు ట్రాన్స్‌ఫార్మరు కొని తెచ్చి, చేత్తో ఆంప్లిఫయరు కట్టడం. మా బ్యాచ్‌లో ఒకడు ధాన్యం అమ్మిన డబ్బు పట్టుకెళ్లి పన్నెండంగుళాల వూఫర్లు నాలుగు తెచ్చాడు. వాళ్ల నాన్న ఏమన్నారో అతను ఈనాటికీ చెప్పడు. అద్దెగది పదడుగులు. 1994లో ‘ప్రేమికుడు’ పాటలు వచ్చినప్పుడు అందులో పెట్టి వింటే గూట్లో స్టీలు గ్లాసులు నడుచుకుంటూ వచ్చి కింద పడేవి. రెహమాన్ పాటల అడుగున ఉన్న బేసు మేం అంతవరకూ సినిమాహాల్లో తప్ప వినలేదు. దాన్ని గదిలోకి తెచ్చుకోవాలన్న ఆరాటం మమ్మల్నందర్నీ ఊపేసింది. ‘రోజా’ వచ్చిన 1992 నుంచి ఒక అయిదారేళ్లు మా జీతాలు, జేబుఖర్చులు అన్నీ ఆ బాక్సుల్లోకే వెళ్లాయి.

ఆ రోజుల్లో షాపుల్లో డబ్బాల మీద 1,000 వాట్లు, 2,000 వాట్లు అని రాసి, పక్కన చిన్నగా పీఎంపీవో అని పెట్టేవారు. దానికి ఒప్పుకున్న కొలత అంటూ ఏదీ లేదు. కంటి రెప్పపాటులో ఒక్క కొస ఎంత లేవగలదో ఊహించి, అన్ని స్పీకర్లకూ కలిపి రాసిన అంకె. నిజంగా చూడాల్సింది ఆర్ఎంఎస్ అనే లెక్క, అందులో అదే డబ్బా పదో ఇరవయ్యో వాట్లు ఉండేది. ఒక వేళ అంకె నిజమే అయినా, వాట్లు పది రెట్లు పెరిగితే చెవికి వినిపించేది రెట్టింపే. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, ఆ తేడా చాలామందికి కొంచెం పెరిగినట్టు అనిపిస్తుందంతే. ఈ రెండు వాక్యాలు ఆనాడు గోడ మీద రాసి ఉంటే మా ఊళ్లో బోలెడు ధాన్యం మిగిలేది.

సీడీ జపాన్‌లో 1982లో అమ్మకానికి వచ్చినా, మా చేతికి అందింది తొంభైల్లో. శబ్దపు అలను సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్ల అంకెగా రాసుకోవడం దాని పద్ధతి. ఎన్నిసార్లు కొలిస్తే అందులో సగం హెర్ట్జ్ దాకా పట్టుకోవచ్చన్నది గణితం చెప్పే మాట. కాబట్టి 22,050 హెర్ట్జ్ దాకా అలలో ఏదీ తప్పిపోదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల చెవి 20,000 దగ్గర ఆగిపోతుంది. కొలతల మధ్య ఖాళీలు మెట్లుమెట్లుగా వినిపిస్తాయని కొందరు చెప్పే మాటకు ఆధారం లేదు. బయటికి వచ్చేటప్పుడు ఆ మెట్లు నున్నబడి అసలు అలే తిరిగొస్తుంది.

మొదటి సీడీ పెట్టిన రోజు మమ్మల్ని ఆశ్చర్యపరిచింది పాట కాదు, పాటకు ముందున్న నిశ్శబ్దం. టేపులో ఎప్పుడూ ఉండే “స్స్స్” లేదు. అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సీడీ దాదాపు 96 డెసిబెల్స్ ఎడం ఇస్తుంది. మామూలు క్యాసెట్టు ఇచ్చేది 50 నుంచి 60. మరి సీడీలో తియ్యదనం లేదన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? తొంభైల చివరికి కంపెనీలు ఆ ఎడాన్ని వాడుకోవడం మానేశాయి. పక్క సీడీ కంటే తమది గట్టిగా మోగాలని మెల్లని చోట్లన్నిటినీ పెంచి, అంతా ఒకే ఎత్తుకు తొక్కేశాయి. పెద్ద గొంతుతో గంటసేపు మాట్లాడితే వినేవాడు అలిసిపోతాడు. ఆ తప్పు మాస్టరింగు చేసినవాళ్లది, సీడీది కాదు.

ఎంపీ3 కథా అలాంటిదే. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థ ఇంజనీర్లు చెవి బలహీనత మీద ఆధారపడి కట్టిన పద్ధతి. ఒక గట్టి శబ్దం మోగుతున్నప్పుడు దాని పక్కనే ఉన్న మెల్లని శబ్దం మనకు వినిపించదు. వినిపించనిదాన్ని రాయడం దేనికని దాన్ని వదిలేస్తుంది. సీడీకి సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. ఎంపీ3 128తో సరిపెడుతుంది, అంటే పదకొండో వంతు. 2000 ప్రాంతాల్లో ఒక్క సీడీలో 150 పాటలు అమ్మింది అలాగే. కానీ అప్పట్లో మా బజార్లో తిరిగిన ఎంపీ3ల్లో చాలావాటికి మూలం అరిగిపోయిన క్యాసెట్టు. దాన్ని 64లో కుదించి, మళ్లీ ఇంకెవరో 128గా మార్చి అమ్మారు. పోయినది తిరిగి రాదు కదా.

మూడేళ్ల క్రితమో ఏమో, న్యూజెర్సీ మిత్రుడు సెలవుకు వచ్చినప్పుడు మంచి హెడ్‌ఫోన్లు తెచ్చాడు. ఒకే పాట, సీడీలోంచి తీసిన అసలు ఫైలు ఒకటి, దాన్నే 320 కిలోబిట్ల ఎంపీ3 చేసింది ఇంకొకటి. ఏది ఏదో చెప్పకుండా వినిపించాడు. ముందుగా రెండిటి వాల్యూమూ కొలిచి సమానం చేశాం. ఇది తప్పనిసరి, ఎందుకంటే ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా “ఇదే బాగుంది” అనిపిస్తుంది. స్పీకర్ల షాపువాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు. ఎన్నిసార్లు మార్చి వినిపించినా మాలో ఎవరికీ నిలకడగా తేడా దొరకలేదు. తర్వాత అదే పాటను గది మూలకు నెట్టిన స్పీకర్లలో, మళ్లీ గోడకు రెండడుగులు ఇవతలికి జరిపి విన్నాం. ఆ తేడా వంటింట్లోంచి మా వదినగారు కూడా చెప్పారు.

అప్పుడు డాక్టరు మిత్రుడు మమ్మల్ని వరసగా తన ఆస్పత్రికి రమ్మన్నాడు. చెవి పరీక్ష చేశాడు. వయసు మీద పడేకొద్దీ పై స్వరాలు అందరికీ తగ్గుతాయి. అరవైకి దగ్గరపడుతున్న వాళ్లం కాబట్టి, మేం 20,000 హెర్ట్జ్ గురించి వాదించుకోవడంలో అర్థం లేదని కాగితం మీద తేలింది. కానీ మైకుసెట్టు మిత్రుడి గ్రాఫు వేరేగా ఉంది. 4,000 హెర్ట్జ్ దగ్గర గీత ఒక్కసారిగా గుంటలో పడ్డట్టు దిగి, మళ్లీ కాస్త లేచింది. పెద్ద శబ్దం వల్ల పోయిన చెవి గుర్తు అది. ముందు చెప్పానే, చెవి గొట్టం 3,000 ప్రాంతపు శబ్దాన్ని పెంచుతుందని. దెబ్బ తగిలేదీ ఆ చుట్టుపక్కలే.

“మాట వినపడుతుందిరా, అర్థం కాదు” అన్నాడతను. మనవరాలు “తాత” అందో “పాప” అందో తెలియడం లేదట. హల్లులను విడదీసే సన్నటి శబ్దాలు ఆ గుంటలో పడిపోయాయి, అచ్చులు మాత్రం మిగిలాయి.

లోపలి చెవిలో సన్నటి కేశాలున్న కణాలు ఒక్కో వైపు దాదాపు 15,000 ఉంటాయి. మనకు పుట్టుకతో వచ్చినవి అవే. చచ్చిపోతే మళ్లీ మొలవవు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటల దాకా ఉండొచ్చని పని చోట్లకు పెట్టుకున్న లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, అలా లెక్కేసుకుంటూ పోతే 100 దగ్గర మిగిలేది పావుగంట. పెళ్లి ఊరేగింపులో లారీ మీద పేర్చిన డీజే బాక్సుల ముందు గంటల తరబడి ఎగిరే పిల్లల్ని చూస్తే నాకు ఆ గ్రాఫులోని గుంటే కనిపిస్తుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు కూడదని 2000 నాటి నిబంధనలు చెప్తున్నాయి. కానీ అవి నిద్రపోయేవాళ్ల కోసం. బాక్సు ముందు నిలబడ్డ కుర్రాడి చెవికి పగలైనా రాత్రయినా ఒకటే. ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు. ఇంట్లో పిల్లల ఫోన్లలో వాల్యూముకు హద్దు పెట్టే సెట్టింగు ఉంటుంది, దయచేసి పెట్టండి. మైకుసెట్టు మిత్రుడు తన కొడుక్కి వ్యాపారం అప్పగించేటప్పుడు పెట్టిన మొదటి షరతు, బాక్సుల దగ్గర ఉండే ప్రతి కుర్రాడి చెవుల్లోనూ నురుగు ప్లగ్గులు ఉండాలని.

క్యాసెట్ల మాట ఇంకొకటి మిగిలింది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది.

మా సెంటర్లో సినిమా పాటలతో పాటు ఉత్తరాలు కూడా నింపేవాళ్లం. కువైట్‌లో ఉన్న భర్తకు చదువురాని భార్య ఉత్తరం రాయలేదు, రాయించుకోవాలంటే సిగ్గు. షాపు వెనక గదిలో ఫ్యాను ఆపి, టేప్‌రికార్డర్ ముందు కూర్చోబెట్టి, తలుపు వేసి మేం బయటికి వచ్చేసేవాళ్లం. అరగంట తర్వాత ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వచ్చి, “అయిపోయింది బాబూ” అనేది. అవతల్నుంచి జవాబులూ క్యాసెట్లలోనే వచ్చేవి. ఏసీ మోత వెనక్కి పెట్టుకుని, పిల్లల పేర్లు ఒక్కొక్కటీ పిలుస్తూ, అప్పులెన్ని తీరాయో చెప్తూ. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక కొన్ని నెలల పాటు ఆ క్యాసెట్లు రాలేదు. ఆ నెలల్లో పాత క్యాసెట్లే మళ్లీ మళ్లీ ఆడించి, టేపు నలిగిపోయి, అతికించమని తెచ్చినవాళ్లు చాలామంది.

సినిమా పాట ఎక్కడైనా దొరుకుతుంది. మీరు ఏ ఫార్మాటులో విన్నా నష్టం లేదు. ఈ గొంతులు ఆ ఒక్క టేపులో తప్ప ఇంకెక్కడా లేవు. నాన్న మాట, అమ్మ పాడిన మంగళహారతి, ఊళ్లో జరిగిన హరికథ, చుట్టాల పెళ్లిలో పెద్దవాళ్లు పాడిన అలకపాటలు, ఇవన్నీ బీరువాల అడుగున తేమ పీల్చుకుంటూ ఉన్నాయి. టేపు మీది పొడిని పట్టి ఉంచే జిగురు ఏళ్లు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది, లోపల టేపును హెడ్డుకు ఆనించే చిన్న స్పాంజి దిండు ఊడిపోతుంది. వాటిని ఇప్పుడే తీయాలి.

ఎలా తీయాలో చెప్తాను. ముందు క్యాసెట్టును ఒకసారి చివరిదాకా చుట్టి, వెనక్కి చుట్టండి, అంటుకున్న పొరలు విడతాయి. చుట్ట బిగుసుకుపోతే ఆరు పలకల పెన్సిల్ రంధ్రంలో పెట్టి చేత్తో తిప్పండి. డబ్బాకు స్క్రూలు ఉంటే దిండు మార్చడం అయిదు నిమిషాల పని. లేకపోతే టేపును ఇంకో మంచి డబ్బాలోకి మార్చవచ్చు. హెడ్డు తుడవండి. ఆ తర్వాత, అన్నిటికంటే ముఖ్యం, ఆ క్యాసెట్టుకే సరిపడేలా హెడ్డు వాలు కట్టండి. కువైట్‌లో ఏ మిషనులో నింపారో ఆ వాలే అందులో ఉంటుంది, మీ మిషను వాలు కాదు. గొంతులో స, శ అక్షరాలు తేటగా పలికేదాకా తిప్పాలి. కంప్యూటరులోకి 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలుగా తీసుకుంటే గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది, ఈ రోజుల్లో అది లెక్కలోకి రాదు. స్స్స్ శబ్దం తీసేసే సాఫ్ట్‌వేర్లు ఈ ఫైలు మీద వాడకండి. మనిషి ఊపిరీ, మాట చివరి హల్లులూ దాంతో పాటే పోతాయి. శుభ్రం చేసిన కాపీ కావాలంటే విడిగా చేసుకోండి. రెండు వేరువేరు డిస్కుల్లో, వీలైతే రెండు ఇళ్లల్లో పెట్టండి.

పోయిన సంక్రాంతికి మైకుసెట్టు మిత్రుడు వాళ్ల అన్నయ్య పంపిన క్యాసెట్లు తెచ్చిచ్చాడు. మూడు తీశాను. నాలుగోదాని మీద బూజు ఉంది, టేపు బయటికి లాగి స్పిరిట్టుతో తుడుస్తున్నాను.